వీఆర్‌ఆర్ ఆన్ చేస్తే సరిపోదు: గేమింగ్ మానిటర్‌ను సరిగ్గా సెట్ చేయడం, పరీక్షించడం, మినుకు తగ్గించడం

"మానిటర్ డబ్బా మీద ఫ్రీసింక్ అని ఉంది, ఆన్ కూడా చేశాను, అయినా గేమ్‌లో తెర అడ్డంగా చీలుతోంది." "లోడింగ్ స్క్రీన్ రాగానే తెర మినుకుమంటోంది, మానిటర్ పాడైందా?" గేమ్ ఫ్రేమ్‌లు ఇచ్చే వేగాన్ని బట్టి మానిటర్ తన రిఫ్రెష్ రేటును మార్చుకోవడమే వేరియబుల్ రిఫ్రెష్ రేట్ (వీఆర్‌ఆర్). దాని గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు ఇవే. చూడ్డానికి వేర్వేరు సమస్యల్లా ఉన్నా చాలాసార్లు మూలం ఒకటే. వీఆర్‌ఆర్‌కి ఒక హద్దు ఉంది. గేమ్ ఆ హద్దు పైకి పోతే చీలిక వస్తుంది, కింది అంచు దగ్గర ఊగిసలాడితే మినుకు వస్తుంది. కింద చెప్పే పనులన్నీ గేమ్‌ను ఆ హద్దులో ఉంచడం కోసమే.

సిద్ధాంతం, అవసరమైనంత మేరకు

మామూలు మానిటర్ ఆర్టీసీ బస్సు లాంటిది. మనుషులు ఎక్కారా లేదా అని చూడదు, టైమైతే కదులుతుంది. 60 హెర్ట్జ్ అంటే ప్రతి 16.67 మిల్లీసెకన్లకు ఒక బస్సు. బస్సు సగం దారిలో ఉండగా కొత్త ఫ్రేమ్ వచ్చి ఎక్కితే తెర పై సగంలో పాత బొమ్మ, కింది సగంలో కొత్త బొమ్మ కనిపిస్తాయి. దాన్నే టేరింగ్ అంటున్నాం. వీసింక్ (ఫ్రేమ్‌లను తెర రిఫ్రెష్‌తో కట్టేసే సెట్టింగ్) వేస్తే ఆ ఫ్రేమ్ తర్వాతి బస్సు దాకా స్టాండులోనే నిలబడాలి. చీలిక పోతుంది కానీ కుదుపు, ఆలస్యం మొదలవుతాయి.

వీఆర్‌ఆర్ షేర్ ఆటో. ఫ్రేమ్ ఎక్కాకే కదులుతుంది. అయితే ఎంతసేపైనా ఆగదు. 48–144 హెర్ట్జ్ మానిటర్ ఒక బొమ్మను ఎక్కువలో ఎక్కువ 20.83 మిల్లీసెకన్లు పట్టుకోగలదు. ఎంత తొందరగా కదలాలన్నా కనీసం 6.94 మిల్లీసెకన్లు కావాలి. గేమ్ 48 కంటే కిందికి పడితే గ్రాఫిక్స్ డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఒకే ఫ్రేమ్‌ను రెండుసార్లు చూపిస్తుంది. 40 ఎఫ్‌పీఎస్‌కి (సెకనుకు 40 ఫ్రేమ్‌లకు) తెర 80 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. దీని పేరు ఎల్‌ఎఫ్‌సీ, అంటే లో ఫ్రేమ్‌రేట్ కాంపెన్సేషన్. ఇది పనిచేయాలంటే మానిటర్ గరిష్ఠ రేటు కనిష్ఠానికి కనీసం రెట్టింపు ఉండాలి. 48–75 మానిటర్‌లో ఆ చోటు లేదు, కాబట్టి 48 కింద వీఆర్‌ఆర్ లేనట్టే.

జీ-సింక్, ఫ్రీసింక్, అడాప్టివ్-సింక్ ఇవన్నీ ఈ పనికే పెట్టిన పేర్లు. ఎన్విడియా 2013లో జీ-సింక్‌ను మానిటర్‌లో ప్రత్యేక మాడ్యూల్ పెట్టి తెచ్చింది. 2014లో డిస్‌ప్లే ప్రమాణాలు రూపొందించే వెసా సంస్థ అడాప్టివ్-సింక్‌ను డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏ ప్రమాణంలో చేర్చింది. ఏఎండీ ఫ్రీసింక్ దాని మీదే నిలబడింది. 2019 జనవరిలో 417.71 డ్రైవర్‌తో ఎన్విడియా కూడా 10 సిరీస్ నుంచి పై కార్డులకు అడాప్టివ్-సింక్ మానిటర్లను తెరిచింది. కాబట్టి "నాది ఎన్విడియా కార్డు, ఫ్రీసింక్ మానిటర్ పనికిరాదేమో" అనే భయం ఇప్పుడు అక్కర్లేదు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- మీ మానిటర్ వీఆర్‌ఆర్ రేంజ్ (పైన చెప్పిన హద్దు, 48–144 లాంటిది), అంకెల్లో. ఏఎండీ కార్డుంటే అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే పేజీయే చూపిస్తుంది. ఎన్విడియా వాళ్లు మానిటర్ కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో గానీ, ఎన్విడియా ప్రచురించే జీ-సింక్ మానిటర్ల జాబితాలో గానీ చూడాలి. ఒకే మానిటర్‌కి హెచ్‌డీఎంఐలో ఒక రేంజ్, డిస్‌ప్లేపోర్ట్‌లో ఇంకో రేంజ్ ఉండొచ్చు. మీరు వాడే పోర్టుది రాసుకోండి.
- డిస్‌ప్లేపోర్ట్ కేబుల్. మానిటర్‌తో డబ్బాలో వచ్చినదైతే చాలు.
- ఫ్రేమ్‌రేట్, ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం) చూపే సాఫ్ట్‌వేర్. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితోపాటు వచ్చే రివాట్యూనర్ సరిపోతాయి. రెండూ ఉచితం.
- ఫ్రేమ్‌రేట్‌ను మీ ఇష్టానికి పరిమితం చేయగల ఒక గేమ్. ఆన్‌లైన్ మ్యాచ్ మధ్యలో ఈ పరీక్షలు వద్దు.

అమర్చే పద్ధతి

1. కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డు పోర్టులో ఉండాలి, మదర్‌బోర్డు పోర్టులో కాదు. నవ్వొచ్చే తప్పే కానీ కొత్తగా పీసీ బిగించుకున్న వాళ్లలో ఇది తరచూ జరుగుతుంది. ఎన్విడియా 10 సిరీస్ కార్డుకి డిస్‌ప్లేపోర్ట్ ఒక్కటే దారి. ఏఎండీ కార్డులు పాత హెచ్‌డీఎంఐలోనూ ఫ్రీసింక్ ఇస్తాయి, కానీ మానిటర్ కూడా ఒప్పుకోవాలి. హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి మార్చే చిన్న అడాప్టర్లు మధ్యలో పెడితే బొమ్మ వస్తుంది గానీ వీఆర్‌ఆర్ మీద ఆశ పెట్టుకోకండి.

2. మానిటర్ సొంత మెనూలో ఆన్ చేయండి. మానిటర్ బటన్లతో తెరిచే మెనూలో ఫ్రీసింక్ లేదా అడాప్టివ్-సింక్ ఆన్ చేయాలి. ఇక్కడ ఆఫ్‌లో ఉంటే విండోస్‌కి ఆ సౌకర్యం ఉన్నట్టే తెలియదు. డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ ఎంచుకునే వీలుంటే 1.1 కాకుండా 1.2 లేదా పైది పెట్టండి. కొన్ని మానిటర్లలో బేసిక్, ఎక్స్‌టెండెడ్ అనో, స్టాండర్డ్, అల్టిమేట్ అనో రెండు స్థాయిలుంటాయి. రెండోదాంట్లో రేంజ్ ఎక్కువ. ముందు దానితో మొదలుపెట్టండి, మినుకు ఎక్కువైతే మొదటిదానికి రండి.

ఇదే మెనూలో ఎంపీఆర్‌టీ, ఈఎల్‌ఎంబీ, ఎంబీఆర్ లాంటి పేర్లతో బ్యాక్‌లైట్‌ను ఆర్పి వెలిగించి మసక తగ్గించే ఆప్షన్ ఉంటే ఆఫ్ చేయండి. చాలా మానిటర్లలో అదీ వీఆర్‌ఆర్ కలిసి పనిచేయవు. ఒకటి వేస్తే రెండోది చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది.

3. విండోస్‌లో గరిష్ఠ రిఫ్రెష్ రేట్ ఎంచుకోండి. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ 60 ఉంటే 144 (లేదా మీ మానిటర్ గరిష్ఠం) పెట్టండి. డ్రైవర్ కొత్తగా వేసుకున్నాక ఇది 60కి పడిపోయి ఉండొచ్చు, కాబట్టి ఒకసారి చూసుకోవడం మంచిది. గ్రాఫిక్స్ పేజీలో వేరియబుల్ రిఫ్రెష్ రేట్ అనే మీట కూడా కనిపిస్తుంది. అది డ్రైవర్ సెట్టింగ్‌కి బదులు కాదు. తమంతట తాము వీఆర్‌ఆర్‌ను పట్టించుకోని కొన్ని డైరెక్ట్‌ఎక్స్ 11 గేమ్‌ల కోసం పెట్టిన తోడ్పాటు మాత్రమే. ల్యాప్‌టాప్‌లలో కనిపించే డైనమిక్ రిఫ్రెష్ రేట్ మరీ వేరు. అది బ్యాటరీ ఆదా కోసం.

4. డ్రైవర్‌లో ఆన్ చేయండి.

ఎన్విడియా: కంట్రోల్ ప్యానెల్‌లో సెటప్ జీ-సింక్ పేజీ. ఎనేబుల్ జీ-సింక్ టిక్ పెట్టి, ఫుల్‌స్క్రీన్ మోడ్ ఎంచుకోండి. ఎన్విడియా సర్టిఫికెట్ లేని మానిటరైతే కింద "ఎంచుకున్న డిస్‌ప్లేకి సెట్టింగ్స్ ఎనేబుల్ చేయి" అనే అర్థమొచ్చే ఇంకో టిక్ ఉంటుంది, అదీ పెట్టాలి. ఇది మరిచిపోయి "ఎన్విడియాలో పనిచేయట్లేదు" అనేవాళ్లు చాలామంది. ఈ పేజీయే కనిపించకపోతే 1, 2 మెట్లలో ఏదో తప్పింది, వెనక్కి వెళ్లండి.

ఏఎండీ: అడ్రినలిన్‌లో సెట్టింగ్స్ చక్రం, డిస్‌ప్లే, ఏఎండీ ఫ్రీసింక్. అంతే.

విండోడ్ మోడ్ కోసం ఎన్విడియాలో రెండో ఆప్షన్ ఉంది. గేమ్‌లు బార్డర్‌లెస్‌లో ఆడేవాళ్లకు అది అవసరం పడొచ్చు. కానీ అది వేశాక ఏ వీడియో ప్లేయరో, ఎడిటింగ్ సాఫ్ట్‌వేరో 24 ఎఫ్‌పీఎస్‌లో బొమ్మ గీస్తుంటే తెర మొత్తం దాని వెంటే పోయి మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. అలా జరిగితే ఫుల్‌స్క్రీన్‌కి తిరిగి రండి, లేదా ఆ ఒక్క ప్రోగ్రామ్‌కి మేనేజ్ 3డీ సెట్టింగ్స్‌లో జీ-సింక్ ఆపండి.

5. వీసింక్ డ్రైవర్‌లో ఆన్, గేమ్‌లో ఆఫ్. చాలామందికి గందరగోళం ఇక్కడే. "వీఆర్‌ఆర్ ఉండగా వీసింక్ ఎందుకు?" అని అడుగుతారు. రేంజ్ లోపల వీసింక్ మామూలు పద్ధతిలో ఫ్రేమ్‌లను ఆపి కూర్చోదు. ఒక్కో ఫ్రేమ్ కాస్త తొందరగా దూకినప్పుడు తెర అడుగున వచ్చే చిన్న చీలికను మాత్రం అడ్డుకుంటుంది. ఎన్విడియాలో వర్టికల్ సింక్ ఆన్, ఏఎండీలో వెయిట్ ఫర్ వర్టికల్ రిఫ్రెష్‌ను ఎప్పుడూ ఆన్. ఏఎండీలో ఎన్‌హాన్స్‌డ్ సింక్ వద్దు. గేమ్ మెనూలో వీసింక్ ఆఫ్.

6. ఫ్రేమ్‌రేట్‌కి మూత బిగించండి. అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. 5వ మెట్టు చేసి ఇక్కడ ఆగిపోతే, గేమ్ గరిష్ఠాన్ని తాకిన క్షణమే పాతకాలపు వీసింక్ పూర్తిగా పైకొస్తుంది, మౌస్ బరువెక్కినట్టు అనిపిస్తుంది. వీసింక్ కూడా లేకపోతే చీలిక తిరిగొస్తుంది. గరిష్ఠానికి కనీసం 3 తక్కువ పెట్టండి:

- 75 హెర్ట్జ్ – 72
- 100 హెర్ట్జ్ – 97
- 144 హెర్ట్జ్ – 141
- 165 హెర్ట్జ్ – 162
- 180 హెర్ట్జ్ – 177
- 240 హెర్ట్జ్ – 237

గేమ్‌లో ఎన్విడియా రిఫ్లెక్స్ (ఆలస్యం తగ్గించే ఆప్షన్) ఉండి జీ-సింక్, వీసింక్ రెండూ ఆన్‌లో ఉంటే అది తానే ఇంకాస్త కిందికి పట్టుకుంటుంది. 144కి 138, 165కి 157, 240కి సుమారు 224. "నా 144 మానిటర్‌లో 138 దాటట్లేదు" అంటే అది లోపం కాదు, సెట్టింగ్ సరిగ్గా పనిచేస్తోందన్న గుర్తు.

మూత ఎక్కడ బిగించాలి? గేమ్‌లోనే పరిమితి ఉంటే అదే మేలు, ఆలస్యం తక్కువ. లేకపోతే రివాట్యూనర్, లేదా ఎన్విడియా మాక్స్ ఫ్రేమ్ రేట్, లేదా ఏఎండీ ఫ్రేమ్ రేట్ టార్గెట్ కంట్రోల్. ఒకటి చాలు. మూడూ ఒకే అంకెతో పెడితే ఒకదానితో ఒకటి కుస్తీ పట్టి ఫ్రేమ్‌టైమ్ గీత రంపపు పళ్లలా మారొచ్చు.

కౌంటర్-స్ట్రైక్ 2, వాలరెంట్ లాంటివి 144 మానిటర్ మీద 300–400 ఎఫ్‌పీఎస్‌తో ఆడే పోటీ ఆటగాళ్ల సంగతి వేరు. వాళ్లు మూత లేకుండా, వీసింక్ లేకుండా ఆడతారు. ఆ వేగంలో చీలిక గీతలు సన్నగా మారిపోతాయి, ఆలస్యం కూడా తగ్గుతుంది. గేమ్ ఎప్పుడూ రేంజ్ పైనే ఉంటుంది కాబట్టి వీఆర్‌ఆర్‌కి అక్కడ పని లేదు. ఆఫ్ చేసినా నష్టం లేదు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

బ్రౌజర్‌లో నడిచే మోషన్ టెస్టులతో వీఆర్‌ఆర్‌ను తేల్చుకోవాలని చూడకండి. అక్కడ కనిపించే "వీఆర్‌ఆర్" బొమ్మ కేవలం అనుకరణ, మీ మానిటర్‌లో వీఆర్‌ఆర్ లేకపోయినా అలాగే కనిపిస్తుంది.

7. మానిటర్ మెనూలో రిఫ్రెష్ రేట్ లేదా ఎఫ్‌పీఎస్ కౌంటర్ ఆన్ చేయండి. ఇన్‌ఫర్మేషన్ పేజీలో కదలకుండా 144 చూపే అంకె కాదు, తెర మూలన క్షణక్షణం మారే అంకె కావాలి. మీ మానిటర్‌లో అది లేకపోతే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ పైన డిస్‌ప్లే మెనూలో జీ-సింక్ కంపాటిబుల్ ఇండికేటర్ ఉంది. అది ఆన్‌లో ఉందని చెబుతుంది గానీ ఎంత హెర్ట్జో చెప్పదు.

8. గేమ్‌ను 90కి పరిమితం చేయండి. మానిటర్ కౌంటర్ 90 చుట్టుపక్కల ఉండాలి. 144 దగ్గరే నిలబడితే వీఆర్‌ఆర్ అసలు మొదలు కాలేదు.

9. ఇప్పుడు 55కి దించండి. కౌంటర్ 55 చూపాలి. తర్వాత 40 పెట్టండి. 48–144 మానిటర్‌లో కౌంటర్ 80 చూపిస్తే ఎల్‌ఎఫ్‌సీ పనిచేస్తోంది, కంగారు పడొద్దు. 48 దగ్గర అంటుకుపోతే లేదా 144కి ఎగిరితే మీ మానిటర్‌కి ఎల్‌ఎఫ్‌సీ లేదు. అలాంటప్పుడు గ్రాఫిక్స్ తగ్గించి గేమ్‌ను 50 పైన ఉంచడం తప్ప వేరే మార్గం లేదు.

10. స్తంభాలు, తలుపు అంచులు ఉన్న చోట నిలబడి కెమెరాను వేగంగా పక్కకు తిప్పండి. నిలువు గీతలు ఎక్కడా విరగకూడదు. తెర అడుగున మాత్రమే విరిగితే 5వ మెట్టు, తెరంతా విరిగితే 6వ మెట్టు మళ్లీ చూడండి.

వీఆర్‌ఆర్‌తో కుదుపులన్నీ పోతాయనుకోవద్దు. షేడర్లు తయారవుతున్నప్పుడో, డిస్క్ నుంచి మ్యాప్ ఎక్కుతున్నప్పుడో ఒక ఫ్రేమ్ 80 మిల్లీసెకన్లు పడితే ఏ మానిటరూ దాన్ని దాచలేదు. రివాట్యూనర్ ఫ్రేమ్‌టైమ్ గీతలో ఒక్కసారిగా లేచే ముల్లు కనిపిస్తే తప్పు మానిటర్‌ది కాదు.

మినుకు: ఎక్కువమందిని విసిగించేది

వీఏ, ఓలెడ్ ప్యానెళ్లలో ఇది సహజంగా ఎక్కువ, ఐపీఎస్‌లో తక్కువ. రిఫ్రెష్ రేట్ మారినప్పుడల్లా ఒకే బూడిద రంగు వెలుగు కాస్త మారుతుంది. నెమ్మదిగా మారితే కన్ను పట్టుకోదు. 50 నుంచి 92కి, మళ్లీ 50కి గబగబా దూకితే ముదురు బూడిద రంగు నేపథ్యం గుప్పుగుప్పుమంటుంది. 46–50 ఎఫ్‌పీఎస్ మధ్య ఊగే గేమ్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది. 48 పైన ఒక్కో ఫ్రేమ్, 48 కింద రెండేసి. అందుకే చీకటి గుహల్లో, మెనూల్లో, లోడింగ్ స్క్రీన్ల మీద ఎక్కువ కనిపిస్తుంది. మధ్యాహ్నపు ఎండ ఉన్న దృశ్యంలో అదే మానిటర్ బుద్ధిగా ఉంటుంది.

మందు ఈ వరుసలో వాడండి.

మొదట, వీఆర్‌ఆర్ ఆపి అదే చోట చూడండి. మినుకు అప్పుడూ ఉంటే కేబుల్ మార్చి చూడండి, సమస్య వేరే. ఆగిపోతే కింద చదవండి. మానిటర్ మార్పించుకోవడానికి షాపుకి పరిగెత్తే ముందు ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయండి. అదే మోడల్ ఇంకొకటి తెచ్చుకున్నా ఇదే గుణం ఉంటుంది.

రెండోది, మూతను గేమ్ నిలకడగా అందుకోగల చోటికి దించండి. గేమ్ 65–110 మధ్య ఊగుతుంటే 141 మూత వల్ల ఉపయోగం లేదు, 70 దగ్గర బిగించండి. అంకె తక్కువైనా చూపుకు హాయిగా ఉంటుంది. 60కే కట్టేసిన ఎల్డెన్ రింగ్ లాంటి గేమ్‌లో 60 నిలబడేంతగా గ్రాఫిక్స్ తగ్గిస్తే చాలు. నీడలు, రిఫ్లెక్షన్లు, రే ట్రేసింగ్ ముందు దించండి.

మూడోది, మానిటర్ మెనూలో యాంటీ-ఫ్లికర్ అనో వీఆర్‌ఆర్ కంట్రోల్ అనో ఉంటే ప్రయత్నించండి. మినుకు తగ్గుతుంది. బదులుగా రేంజ్ కుదించుకుపోవడమో, కాస్త కుదుపు రావడమో ఉంటుంది.

నాలుగోది, సాహసం. కస్టమ్ రిజల్యూషన్ యుటిలిటీ అనే ఉచిత పరికరంతో రేంజ్ కనిష్ఠాన్ని పెంచొచ్చు. డిస్‌ప్లేపోర్ట్ మానిటరైతే మానిటర్ పేరు పక్కన ఎడిట్ నొక్కి, రేంజ్ లిమిట్స్‌లో వీ రేట్ కనిష్ఠాన్ని 48 నుంచి 60కి మార్చి, దానితో వచ్చే రీస్టార్ట్64 ఫైలు నడపండి. ఇప్పుడు ఎల్‌ఎఫ్‌సీ 60 కిందే మొదలవుతుంది, ప్యానెల్ మరీ తక్కువ రేటుకి దిగదు. గరిష్ఠం 120 లేదా పైన ఉన్న మానిటర్‌కే ఇది తగును. గేమ్ 60 దగ్గరే ఊగేదైతే గొడవ 48 నుంచి 60కి మారిందే తప్ప పోలేదని గుర్తుంచుకోండి. కనిష్ఠాన్ని 40కి దించి రేంజ్ పెంచుకుందామనుకునేవాళ్లు కూడా ఉన్నారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కొన్ని ప్యానెళ్లలో తెర నల్లబడి ఆరి వెలుగుతుంటుంది. అందుకే మొదలుపెట్టే ముందే రీసెట్-ఆల్ ఫైలు డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి. తెర రాకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి దాన్ని నడిపి పీసీ రీస్టార్ట్ చేయాలి.

కదిలే బొమ్మ వెనక తెల్లని నీడ

ఇది మినుకు కాదు, ఓవర్‌డ్రైవ్. మెనూలో రెస్పాన్స్ టైమ్, ఓడీ, ఏఎంఏ, ట్రేస్ ఫ్రీ అని రకరకాల పేర్లు. పిక్సెల్ తొందరగా రంగు మారేలా తోసే సెట్టింగ్ ఇది. 144 దగ్గర సరిపోయే తోపు 60 దగ్గర ఎక్కువైపోతుంది, పిక్సెల్ గమ్యం దాటి వెనక్కి వస్తుంది. జీ-సింక్ మాడ్యూల్ ఉన్న మానిటర్లు దీన్ని రేటును బట్టి సర్దుకుంటాయి. మామూలు వాటిలో చాలావరకు మీరే చూసుకోవాలి. డబ్బా మీద 1 మిల్లీసెకన్ అని రాయించుకున్న ఎక్స్‌ట్రీమ్ స్థాయిని వదిలేయండి. గేమ్‌ను 60కి పరిమితం చేసి, మధ్య స్థాయి నుంచి మొదలుపెట్టి, తెల్లని అంచు కనిపించని స్థాయి దగ్గర ఆపండి. ముదురు తోక సాగుతుంటే ఒక మెట్టు పెంచండి. ఓలెడ్‌కి ఈ తలనొప్పి లేదు.

ల్యాప్‌టాప్, కన్సోల్

ల్యాప్‌టాప్ తెర ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మీదుగా నడుస్తుంటే ఎన్విడియా ప్యానెల్‌లో జీ-సింక్ పేజీ రాకపోవచ్చు. మక్స్ స్విచ్ (తెరను నేరుగా గ్రాఫిక్స్ కార్డుకి కలిపే ఆప్షన్) ఉంటే డిస్‌క్రీట్ మోడ్ పెట్టి రీస్టార్ట్ చేసి చూడండి. బయటి మానిటర్ పెట్టేటప్పుడు ఏ పోర్టు ఏ చిప్‌కి కలిపి ఉందో ఎన్విడియా ప్యానెల్‌లో కాన్ఫిగర్ సరౌండ్, ఫిజ్ఎక్స్ పేజీలోని బొమ్మ చూపిస్తుంది.

పీఎస్5కి వీఆర్‌ఆర్ 2022 ఏప్రిల్ అప్‌డేట్‌తో వచ్చింది. రేంజ్ 48–120, మానిటర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్‌ఆర్ ఉండి తీరాలి. ఫ్రీసింక్ మాత్రమే ఉన్న పాత హెచ్‌డీఎంఐ 2.0 మానిటర్‌కి అది పనిచేయదు. అదే మానిటర్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకు పనికొస్తుంది, అవి ఫ్రీసింక్‌ను కూడా గుర్తిస్తాయి. పీఎస్5లో 30 ఎఫ్‌పీఎస్ గేమ్ ఆడుతూ వీఆర్‌ఆర్ ఎందుకు తేడా చూపట్లేదని వెతుక్కోకండి. 30 అనేది ఆ రేంజ్‌లోనే లేదు. గేమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ ఉంటే దానికి మారండి.